పొట్ట చూపిన తోడేళ్ళు

అనగనగా ఒక అడవి. దానికి మంచి పేరొకటి పెట్టి మొదలుపెడదామని నాకూ ఉంది కానీ, పేర్లు పెట్టుకునే తీరిక అక్కడ ఎవరికీ ఉండేది కాదు. ఎప్పుడు చూసినా కొట్లాటే. చేతులు ఆపకుండా ఆ వేరుశనక్కాయలు ఒలుస్తూ వినండి. ఈ కథలో నవ్వుకునే చోట్లు తక్కువ, ముందే చెబుతున్నాను. మధ్యలో "ఇలా అయిందేంటి" అని నామీద అలిగితే నేనేమీ చేయలేను.

ఆ అడవిలో ఎదురెదురుగా రెండు కొండలు. తూర్పు కొండంతా రాళ్ళు. అక్కడ తోడేళ్ళు ఉండేవి. పడమటి కొండంతా వెదురు. అక్కడ రేచుకుక్కలు ఉండేవి. రేచుకుక్కలంటే మన వీధికుక్కలు కావు. ఎర్రటి ఒళ్ళు, గుబురు తోక, గుంపుగా వేటాడే అడవికుక్కలు. ఒకదాన్నొకటి పిలుచుకోవాలంటే ఈల వేస్తాయి. రెండు కొండల మధ్య ఒక గడ్డిమైదానం. అందులో ఒకచోట మట్టి ఉప్పగా ఉండేది. ఆ ఉప్పు నాకటానికి దుప్పులు గుంపులుగా దిగేవి. ఆ ఉప్పునేల ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ పిల్లలకు తిండి దొరికినట్టే. కొట్లాటంతా దానికోసమే.

మొదట్లో మూడు తోడేళ్ళు, నాలుగు రేచుకుక్కలు ఉండేవి. దుప్పి కాలు ఒకరు లాగితే చెవి ఇంకొకరు లాగేవాళ్ళు. కాసేపు పళ్ళు చూపించుకుని, ఎవరికి దక్కింది వాళ్ళు పట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు. ఆ మాత్రం దానికి నియమాలెందుకు? తర్వాత మూడు ముప్పై అయ్యాయి, నాలుగు నలభై అయ్యాయి. నాయకులొచ్చారు. ముందు ఎవరు దూకాలో, వెనక ఎవరు కాచుకోవాలో నేర్పేవాళ్ళొచ్చారు. కొట్లాట కాస్తా యుద్ధమైంది. గుంపు పెద్దదయ్యేకొద్దీ తెలివి పెరిగింది. ఆ తెలివితో పాడుపనులు కూడా బాగా నేర్చుకున్నారు.

ఒక వేసవిలో రేచుకుక్కలు తోడేళ్ళు తాగే మడుగులోకి చచ్చిన దుప్పులను తోసేశాయి. నీళ్ళు కుళ్ళిపోయి తోడేళ్ళు చచ్చాయి. పడమటి కొండ మీద పండగ చేసుకున్నారు. ఎండలు ముదిరాక పడమటి వాగు ఎండిపోయింది. అడవి మొత్తానికీ ఆ మడుగొక్కటే మిగిలింది. రేచుకుక్కలు కూడా ఆ కుళ్ళునీళ్ళే తాగి చచ్చాయి. మిగిలినవాళ్ళు మైదానంలో ఎదురెదురుగా కూర్చుని, ఒకరి ముఖం ఒకరు చూడలేక నేల చూస్తూ, "ఇంక నీళ్ళ జోలికి ఎవరూ పోవద్దు" అనుకున్నారు. అది మొదటి కట్టుబాటు.

ఇంకో ఏడు, పెద్దవాళ్ళంతా యుద్ధంలో ఉండగా తోడేళ్ళలో కొందరు దొంగచాటుగా పడమటి కొండ ఎక్కి బొరియల్లో ఉన్న కూనలను చంపేశారు. పై ఏడు రేచుకుక్కలు తూర్పు కొండ ఎక్కి అదే పని చేశాయి. రెండేళ్ళపాటు రెండు కొండల మీదా పిల్లల గొంతు వినబడలేదు. ఆ నిశ్శబ్దం భరించలేక తల్లులే ముందు కదిలారు. "బొరియల జోలికి పోవద్దు" అన్నారు. అది రెండో కట్టుబాటు.

మూడోది ఎవరూ కూర్చుని చేసింది కాదు. ఒక వానాకాలం యుద్ధంలో ఒక ముసలి తోడేలు కాలు విరిగి వెల్లకిలా పడిపోయాడు. మెత్తటి పొట్ట పైకి చూపించి కళ్ళు మూసుకున్నాడు. ముందు నిలబడింది ఒక రేచుకుక్క తల్లి. ఒక్క కాటుతో అయిపోయే పని. ఆమె నోరు తెరిచింది. మూసింది. మళ్ళీ తెరిచింది. చివరికి ముఖం పక్కకు తిప్పుకుంది. ముసలి తోడేలు లేచి కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఎందుకు వదిలావ్?" అని ఆమె గుంపంతా తిట్టింది.

"ఏమో, నాకు చేతకాలేదు," అంది ఆమె.

"చేతకాకపోవటం ఏంటి?"

"చేతకాలేదంటే చేతకాలేదు. ఇంకేం చెప్పను?"

ఆ మాట తూర్పు కొండకు చేరింది. మరుసటి ఏడు ఒక తోడేలు తన ముందు పొట్ట చూపిన రేచుకుక్కను వదిలి, తనూ ముఖం తిప్పుకుంది. ఆ తర్వాత ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. అలా అదే మూడో కట్టుబాటైంది. పొట్ట చూపినవాళ్ళను కరవకూడదు. ఓడినవాళ్ళు సిగ్గుపడకుండా లేచి వెళ్ళేలా ఎదుటివాళ్ళు ముఖం తిప్పుకోవాలి. అలా వెళ్ళినవాళ్ళు మళ్ళీ వానలు పడేదాకా యుద్ధానికి రాకూడదు.

ఈ మూడూ కలిసి యుద్ధాన్ని ఆపేశాయని చెప్పను. అది అబద్ధమవుతుంది. చావులు ఉండనే ఉన్నాయి. ఏడుపులూ ఉన్నాయి. కానీ యుద్ధమయ్యాక తాగటానికి నీళ్ళు ఉండేవి. బొరియల్లో పిల్లలుండేవాళ్ళు. ఓడిపోయినవాళ్ళలో సగం మంది తమ కాళ్ళతో తాము ఇంటికి నడిచి వచ్చేవాళ్ళు.

యుద్ధానికి ముందు ప్రతిసారీ ఉప్పునేల పక్కనున్న బండరాయి ఎక్కి ఆ మూడు కట్టుబాట్లూ పైకి వినిపించేవాడు ఒకడుండేవాడు. ఒక ముసలి దుమ్ములగొండి. ముందు కాళ్ళు పొడుగు, వెనక కాళ్ళు పొట్టి. రెండు కొండల పిల్లలూ అతన్ని బొమికల తాత అని పిలిచేవాళ్ళు. యుద్ధమయ్యాక మైదానంలో మిగిలిన శవాలను తినేది ఆయనే మరి. రెండు గుంపుల్లోనూ దేనికీ చెందనివాడు కాబట్టి ఆ పని ఆయనకు అప్పజెప్పారు. వినిపించటం అయిపోగానే తాత గుట్ట వెనక్కి వెళ్ళిపోయి, అంతా ముగిసేదాకా ఇటు తొంగి చూసేవాడు కాదు. చావుల కోసం కాచుకుని కూర్చున్నట్టు కనబడటం ఆయనకు నచ్చదు. శవాలు తినేవాడికి కూడా ఒక మర్యాద ఉంటుంది.

ఇప్పుడు అసలు కథలోకి వద్దాం.

తూర్పు కొండ తోడేళ్ళకు కత్తెరచెవి అనేవాడు నాయకుడయ్యాడు. ఎప్పుడో ఒక యుద్ధంలో చెవి సగానికి చీలింది, అందుకని ఆ పేరు. ధైర్యవంతుడే. గుంపంటే ప్రాణం పెట్టేవాడే. కానీ అతని ఏలుబడిలో వరసగా రెండేళ్ళు వానలు మొహం చాటేశాయి. దుప్పులు తగ్గిపోయాయి. ఉప్పునేలేమో రేచుకుక్కల చేతిలో ఉంది. ఆ ఏడు పుట్టిన కూనల్లో నాలుగు, తల్లికి పాలు లేక చనిపోయాయి. ఆ నాలుగూ కత్తెరచెవి సొంత పిల్లలే. అతనికి మిగిలింది పెద్ద కూతురు తెల్లపాదం ఒక్కతే. ఆమె ఆ ఏడే మొదటిసారి యుద్ధానికి రాబోతోంది.

తోడేళ్ళు ఇరవై రెండు. రేచుకుక్కలు నలభై. న్యాయంగా పోరాడితే గెలవరని కత్తెరచెవికి తెలుసు. ఆలోచించి ఆలోచించి, ఒక మిట్టమధ్యాహ్నం బొమికల తాత దగ్గరికి వెళ్ళాడు. తాత ఒక రాతి నీడలో కూర్చుని పాత ఎముక ఏదో కొరుకుతున్నాడు.

"తాతా, ఒక మాట అడగాలి. ఊరికే," అన్నాడు కత్తెరచెవి.

"ఊరికే అడిగేవాళ్ళు ఇంత ఎండలో రారు. అడుగు."

"పొట్ట చూపినవాడు ఉన్నట్టుండి లేచి కరిచాడనుకో. ఏమవుతుంది?"

తాత ఎముక కింద పెట్టాడు. "గెలుస్తాడు," అన్నాడు.

"అంతేనా?"

"ఆ రోజుకి అంతే."

"శిక్ష ఏమీ ఉండదా?"

"ఎవరు వేస్తారు? నేనా? నా పళ్ళు చచ్చినవాళ్ళ మీద తప్ప పనిచేయవు. ఆ కట్టుబాటుకి కాపలా ఎవరూ లేర్రా అబ్బాయ్. ఎదుటివాడు నిన్ను నమ్మి ముఖం తిప్పుకుంటాడు చూడు, దానికున్నది అదొక్కటే. అది పోతే మళ్ళీ తేవటం నీ వల్లా కాదు, నా వల్లా కాదు."

"నా పిల్లలు ఆకలితో చచ్చిపోయారు తాతా."

"తెలుసురా నాయనా. నేనే కదా చూసింది." తాత గొంతు తగ్గించాడు. "నువ్వనుకున్న పని చేస్తే నాకు ఏడాదంతా తిండికి లోటుండదు. అయినా వద్దంటున్నాను. ఇంతకంటే గట్టిగా ఎలా చెప్పాలో నాకు తెలియదు."

కత్తెరచెవి కొండ ఎక్కి వెళ్ళిపోయాడు.

యుద్ధం రోజు పొద్దున గుంపునంతటినీ కూర్చోబెట్టి విషయం చెప్పాడు. "నేను రెండుసార్లు ఊళ పెడతాను. మొదటి ఊళకి అందరూ పొట్ట చూపాలి. వాళ్ళు ముఖాలు తిప్పుకుంటారు. అప్పుడు రెండో ఊళ పెడతాను. లేచి మెడలు పట్టుకోండి."

కొందరు నేల గీకుతూ కూర్చున్నారు. తెల్లపాదం ఒక్కతే లేచి నిలబడింది.

"నాన్నా, ఇది తప్పు కదా?"

"ఏం తప్పు? పొట్ట చూపినవాళ్ళను కరవొద్దన్నారు. మనం కరిచేది నిలబడ్డవాళ్ళని. కట్టుబాటు ఎక్కడ తప్పుతున్నాం?"

"ఈ మాట నువ్వు నమ్మే అంటున్నావా నాన్నా?"

కత్తెరచెవి మాట మార్చాడు. "చచ్చిపోయిన ఆ నలుగురూ నీ తమ్ముళ్ళు. మర్చిపోయావా?" అన్నాడు.

"మర్చిపోలేదు."

"అయితే నోరు మూసుకుని చెప్పినట్టు చెయ్యి."

ఇక్కడ నేను కత్తెరచెవిని చెడ్డవాడని ఒక్క మాటలో తీసిపారేయలేను. పిల్లలు ఆకలికి పోయాక ఏ తండ్రి బుర్రా సరిగ్గా పనిచేయదు. కానీ వద్దని ఇద్దరు చెప్పారు. విన్నాడు. విని కూడా చేశాడు. అందుకని అయ్యో అనిపిస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

తాత బండరాయి ఎక్కాడు. మూడు కట్టుబాట్లూ వినిపించాడు. మూడోది చెప్పేటప్పుడు కత్తెరచెవి వైపు చూశాడు. కత్తెరచెవి తల తిప్పుకున్నాడు. తాత గుట్ట వెనక్కి వెళ్ళిపోయాడు.

యుద్ధం మొదలైంది. రేచుకుక్కలను నడిపించేది జేగురమ్మ. మొట్టమొదట ఆ ముసలి తోడేలును వదిలిపెట్టిన తల్లి ఈమెకు అమ్మమ్మ అవుతుంది. కాసేపు పోరాడాక కత్తెరచెవి మొదటి ఊళ పెట్టాడు. ఇరవై రెండు తోడేళ్ళూ ఒక్కసారే వెల్లకిలా పడుకున్నాయి. జేగురమ్మ ఆశ్చర్యపోయింది. ఇంత తొందరగా ఓడిపోతారని ఆమె అనుకోలేదు. "ఆకలితో ఉన్నారు పాపం. ఇంక చాలు, ముఖాలు తిప్పుకోండి," అని తనవాళ్ళకు ఈల వేసింది. రేచుకుక్కలన్నీ ముఖాలు తిప్పుకుని నిలబడ్డాయి. గాలికి గడ్డి ఊగటం తప్ప ఏ చప్పుడూ లేదు.

అప్పుడు రెండో ఊళ వినబడింది.

తోడేళ్ళు లేచాయి. వెనకనుంచి దూకి మెడలు పట్టుకున్నాయి. తెల్లపాదం మాత్రం లేవలేకపోయింది. ఆమె ముందు ముఖం తిప్పుకుని నిలబడింది చింతపిక్క అనే కుర్ర రేచుకుక్క. జేగురమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. అరుపులు విని వాడు గిరుక్కున వెనక్కి తిరిగాడు. తెల్లపాదం ఇంకా పొట్ట చూపించే ఉంది.

"పారిపో," అంది తెల్లపాదం.

"నువ్వెందుకు లేవలేదు?" అన్నాడు చింతపిక్క. పాపం, వాడికి ఏం జరుగుతోందో ఇంకా అర్థం కాలేదు.

"పారిపొమ్మంటుంటే!"

పక్కనుంచి కత్తెరచెవి దూకాడు. కూతురు ఆపదలో ఉందనుకున్నాడు. చింతపిక్క మెడ పట్టుకుని వదల్లేదు.

ఆ రోజు పదిహేడు రేచుకుక్కలు చనిపోయాయి. మిగిలినవి వెదురుకొండకు పారిపోయాయి. ఉప్పునేల తోడేళ్ళ చేతికి వచ్చింది. సాయంత్రానికి దుప్పి మాంసం తూర్పు కొండకు చేరింది. తల్లులకు పాలు వచ్చాయి. కూనలు లేచి తిరగటం మొదలుపెట్టాయి.

"తిను," అన్నాడు కత్తెరచెవి కూతురితో.

"నాకు ఆకలిగా లేదు."

"ఆ కూనలను చూడు. వాళ్ళ దగ్గరికి పోయి చెప్పు, మీ నాయకుడు తప్పు చేశాడని. చెప్పగలవా?"

తెల్లపాదం చెప్పలేకపోయింది. కూనలు నిజంగానే బతికాయి కదా. ఆమె ఒక మూలకు పోయి పడుకుంది. కింద మైదానంలో బొమికల తాత మూడు రోజులు తిన్నాడు. ఆ మూడు రోజులూ ఏ కొండ వైపూ తల ఎత్తి చూడలేదు.

రెండేళ్ళు గడిచాయి. వానలు బాగానే పడ్డాయి. తెల్లపాదానికి ఇద్దరు పిల్లలు పుట్టారు. కత్తెరచెవి తాతయ్యాడు. "చూశావా, ఆ రోజు నా మాట వినబట్టే మనం ఇలా ఉన్నాం" అని ఆమెతో రెండు మూడుసార్లు అన్నాడు. ఆమె లేచి పిల్లల దగ్గరికి వెళ్ళిపోయేది.

ఈలోగా ఆ మోసం సంగతి అడవంతా పాకింది. ఎక్కడెక్కడి రేచుకుక్కలో వచ్చి జేగురమ్మ గుంపులో చేరాయి. మళ్ళీ వానాకాలం వచ్చింది. రెండు గుంపులూ మైదానంలో ఎదురుపడ్డాయి. బొమికల తాత ఎప్పటిలాగే బండరాయి ఎక్కాడు.

"దిగు తాతా," అంది జేగురమ్మ.

"కట్టుబాట్లు వినిపించాలి కదమ్మా."

"ఎవరికి వినిపిస్తావు? మా వాళ్ళకి నవ్వొస్తుంది. నీ పరువు ఎందుకు తీసుకుంటావు, దిగు."

కత్తెరచెవి అవతలి నుంచి అరిచాడు. "మేం తప్పింది ఒక్కటే కదా! నీళ్ళ జోలికి పోలేదు. బొరియల జోలికి రాలేదు. ఆ రెండైనా ఉంచుదాం."

"నువ్వు పోలేదయ్యా. పోవని మేం నమ్మేదెలా?" అంది జేగురమ్మ. "ఇదివరకు యుద్ధం రోజున మా పిల్లలు బొరియల్లో ఒంటరిగా నిద్రపోయేవాళ్ళు. ఇవాళ వాళ్ళ దగ్గర పదిహేను మందిని కాపలా పెట్టి వచ్చాను. మా వాగు దగ్గర ఇంకో పదిమందిని. పిల్లలకు ఎందుకో అర్థంకాక ఒకటే ఏడుపు. నీకు తప్పింది ఒక్కటే కావచ్చు. మాకు మూడూ పోయాయి."

కత్తెరచెవి కూడా ఆ పొద్దున్నే తన బొరియల దగ్గర ఆరుగురిని కాపలా పెట్టి వచ్చాడు. తాత మెల్లగా బండ దిగి గుట్ట వెనక్కి నడిచాడు.

అలాంటి యుద్ధం ఆ అడవిలో అంతకుముందు జరగలేదు. ఇదివరకు అలిసిపోయినవాళ్ళు పొట్ట చూపి ఇంటికి పోయేవాళ్ళు. మధ్యాహ్నానికి సగం ఖాళీ అయ్యేది, సాయంత్రానికి ఎవరు గెలిచారో తేలిపోయేది. ఇప్పుడు ఎవరూ పొట్ట చూపలేదు. చూపినా వదలరని తెలుసు. వదలరని తెలిసినవాళ్ళు ఆఖరి ఊపిరిదాకా కరుస్తూనే ఉంటారు. కాళ్ళు విరిగినవాళ్ళు పాక్కుంటూ కరిచారు. కళ్ళు పోయినవాళ్ళు ఎవరిని కరుస్తున్నారో తెలియకుండా కరిచారు.

తెల్లపాదం వెనక కాలు విరిగింది. నిలబడటానికి మూడుసార్లు ప్రయత్నించింది. మూడోసారి కూడా పడిపోయింది. తల ఎత్తి చూస్తే ఎదురుగా జేగురమ్మ.

తెల్లపాదం వెల్లకిలా తిరిగి పొట్ట చూపించింది.

జేగురమ్మ దూకబోయి ఆగింది. ఆగకూడదనుకుంటూనే ఆగింది.

"అమ్మా, నిజంగానే పొట్ట చూపుతున్నాను," అంది తెల్లపాదం. "నాకు ఇద్దరు పిల్లలు. ఇంకా పాలు తాగుతున్నారు."

"మా చింతపిక్క కూడా నిజమనే అనుకున్నాడు తల్లీ."

"చింతపిక్క నా ముందే ఉన్నాడమ్మా ఆ రోజు. నేను కరవలేదు. పారిపొమ్మన్నాను. ఒట్టు."

జేగురమ్మ కళ్ళు చెమర్చాయి. "ఆ మాట వాడు చెప్పాలి. వాడు లేడు కదా," అంది.

దూరం నుంచి కత్తెరచెవి ఇదంతా చూశాడు. తనతో కలబడ్డవాణ్ణి వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "నిజమే! నా కూతురు అబద్ధమాడదు! నేను చెబుతున్నా, నా మాట నమ్మండి!" అని గొంతు చించుకుని అరిచాడు.

జేగురమ్మ అప్పటిదాకా తటపటాయిస్తూ ఉంది. ఆ గొంతు వినగానే ఆమెకు రెండేళ్ళ కిందటి ఊళ గుర్తొచ్చింది. ఇది కూడా ఏదో పన్నాగం అనుకుంది. వీడు కేక వేశాడంటే ఈ పిల్ల లేచి తన మెడ పట్టుకుంటుందనుకుంది.

ఆ తర్వాత జరిగింది నేను వివరంగా చెప్పను. మీకు అర్థమైంది. తెల్లపాదం చివరిదాకా కదలలేదు. అప్పుడు తెలిసింది జేగురమ్మకు, ఆమె చెప్పింది నిజమేనని.

ఆ యుద్ధం ఎవరూ గెలవలేదు. కరవటానికి ఓపిక లేక ఆగిపోయింది. తూర్పు కొండకు తొమ్మిది మంది తిరిగి వెళ్ళారు, పడమటి కొండకు పన్నెండు మంది. నెత్తుటి వాసనకు దుప్పులు ఆ ఉప్పునేల వైపు రావటమే మానేశాయి. ఎవరికోసం, దేనికోసం కొట్టుకున్నారో అది కూడా లేకుండా పోయింది.

కొన్నాళ్ళకు కత్తెరచెవి ఒక్కడే, పట్టపగలు, పడమటి కొండ కింద వెదురుపొదల దగ్గరికి వెళ్ళాడు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఆ పన్నెండు రేచుకుక్కలూ బయటికి వచ్చాయి. అతను వెల్లకిలా పడుకుని పొట్ట చూపించాడు.

"కరవండి, వదలండి, మీ ఇష్టం," అన్నాడు. "కానీ ఆ మూడో కట్టుబాటు మళ్ళీ మొదలుపెడదాం. నా కోసం కాదు. పిల్లల కోసం."

ఎవరూ కరవలేదు. ఎవరూ ముఖం తిప్పుకోలేదు కూడా. పన్నెండు జతల కళ్ళు రెప్ప వేయకుండా అతన్నే చూస్తూ నిలబడ్డాయి. ఎండ నెత్తి మీదికి వచ్చింది. పడమటికి వాలింది. చూస్తూనే ఉన్నాయి.

చివరికి జేగురమ్మ అంది: "లేచి వెళ్ళు. నిన్ను కరిచే ఓపిక మాకు లేదు. నీ కూతురి గురించి నేను పడే బాధ నీకు చెప్పినా తెలియదు. కట్టుబాటు మళ్ళీ పెడదామంటే నాకూ ఇష్టమే. కానీ మా అమ్మమ్మ మీవాణ్ణి వదిలినప్పుడు ఆమెకు ఎవరూ చెప్పలేదు, ఆమెకే అలా అనిపించింది. ఇప్పుడు నేను పీకమీద కూర్చుని చెప్పినా మావాళ్ళకు అలా అనిపించదు. ఏం చేయమంటావు?"

కత్తెరచెవి లేచి ఇంటికి వచ్చాడు. వెళ్తున్నంతసేపూ పన్నెండు జతల కళ్ళూ అతని వీపు మీదే ఉన్నాయి.

తెల్లపాదం పిల్లలిద్దరినీ అతనే పెంచాడు. పెద్దవాడు గట్టిపిండం. చిన్నది కాస్త బక్కపల్చన. ఒకరోజు పొద్దున్న ఎండలో ఇద్దరూ గుహ ముందు కలబడి ఆడుకుంటున్నారు. కత్తెరచెవి పక్కన పడుకుని చూస్తున్నాడు. చాలా రోజుల తర్వాత అతని ముఖంలో కాస్త నవ్వు కనబడింది. ఆడి ఆడి చిన్నది అలిసిపోయి వెల్లకిలా పడింది. పెద్దవాడు ఆగలేదు. దాని పొట్ట మీద పళ్ళు దించాడు. చిన్నది కీచుమని అరిచింది. రక్తం వచ్చింది. వాడు ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"వదలరా! అది పడుకుంది కదా, వదిలెయ్!" అని కత్తెరచెవి పరిగెత్తి వాణ్ణి పక్కకు లాగాడు.

వాడు భయపడలేదు. తప్పు చేసినట్టు ముఖం కూడా పెట్టలేదు. నోట్లో చెల్లెలి వెంట్రుకలతో, నిజంగా తెలియకనే అడిగాడు.

"పడుకుంటే వదలాలా తాతా?"

"వదలాలి."

"మరి లేచి కరిస్తే?"

కత్తెరచెవి నోరు తెరిచాడు. వాడు తాత ముఖంలోకి చూస్తూ జవాబు కోసం నిలబడ్డాడు. ఎంతసేపటికీ జవాబు రాకపోయేసరికి చెల్లెలి మీద ఒక కన్ను వేసి ఉంచి, రెండడుగులు దూరంగా వెళ్ళి కూర్చున్నాడు.

నీతి: శత్రువు మన మాట నమ్మినంతకాలమే మన పిల్లలు యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగి వస్తారు. ఆ నమ్మకాన్ని గెలుపు కోసం ఒక్కసారి మోసానికి వాడుకుంటే, అది మనకే కాదు, అందరికీ పోతుంది.